భద్రయ్య మేస్త్రి వైరింగ్‌లో తప్పు లేదు

కారేపల్లి రోడ్డు మీద లారీలకు, ట్రైలర్లకు వించ్ వైరింగ్ చేసిన భద్రయ్య మేస్త్రి ఇక లేరు. ఆ దుర్వార్త ఫోనులో వినేసరికి నేను తిరుమలాయపాలెం దగ్గర ఒక హోటల్లో టిఫిన్ చేస్తున్నాను. తుంచిన ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. దిగ్భ్రాంతి చెందానని రాయడం మర్యాద. కానీ నాకు ముందుగా కలిగింది అలసట. చెప్పవలసిన మాట చెప్పకుండా తొమ్మిదేళ్లు మోసినవాడి అలసట అది.

మా డ్రైవర్ల సంఘం వాళ్లు సంస్మరణ పత్రానికి నాలుగు మాటలు రాయమన్నారు. ఇరవై ఏళ్లు ఆయన చేత బండి పని చేయించుకున్నవాణ్ణి గనుక ఆ బాధ్యత నాకే అప్పగించారు. ఆ మహనీయుడి గుణగణాలు రాస్తాను. ఆయన పేరుకు అంటుకున్న మచ్చ గురించి కూడా రాస్తాను. అది ఆయనది కాదు, నాది.

అడవి దారిలో జామాయిల్ కర్రల లోడు లారీ బురదలో దిగబడితే ఇనుప తాడుతో బయటికి లాగే యంత్రం వించ్. అటువంటి వించ్ ఉన్న బండికి నేను డ్రైవర్ని. భద్రాచలం వైపు వానాకాలం వచ్చిందంటే మాకు ఊపిరి సలపదు. వించ్ లాగేటప్పుడు బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు సామాన్యమైనది కాదు. లైట్లకు వేసే వైరు దానికి వేస్తే క్షణాల్లో కాలిపోతుంది. “తాడు తెగుతదని అందరు భయపడతరు వీరన్నా, కరెంటుకు మాత్రం ఎవ్వడు భయపడడు” అనేవారు మేస్త్రి.

మిగతావాళ్లు కరెంటు తిరిగి పోయే ఎర్త్ కేబుల్‌ను దగ్గరున్న ఛాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి, బిగించి చేతులు దులుపుకుంటారు. ఆయన అలా కాదు. అంతే లావు రెండో కేబుల్‌ను వించ్ నుంచి బ్యాటరీ దాకా వెనక్కి లాగేవారు. ఎందుకింత ఖర్చని ఓనర్లు గొణిగితే, “ఇంటికొచ్చిన చుట్టాన్ని గేటు దాకా సాగనంపుతవా లేదా? కరెంటు గూడ గట్లనే” అని నవ్వేవారు.

పని అయ్యాక బండి వెంటనే ఇచ్చేవారు కాదు. దుకాణం వెనక ఏళ్ల తరబడి పడి ఉన్న గ్రానైట్ ట్రైలర్‌కు తాడు కట్టించి, ఇంజిన్ రేస్ ఇప్పించి లాగించేవారు. ఆపగానే ఒక్కొక్క జాయింటును మునివేళ్లతో తాకి చూసేవారు. “జాయింటు వేడెక్కిందంటే ఏడుస్తున్నట్టే. దాన్ని ఏడిపించి నువ్వు అడవిల సుఖంగ ఉండలేవు” అనేవారు. వేడి తగిలితే మళ్లీ విప్పడమే. ఎవరైనా తొందరపెడితే, “జల్దీ గావాల్నంటే పక్క దుకాణం ఉన్నది, పో” అనేవారు. పక్కనున్నది మిర్చి బజ్జీల బండి.

అన్నిటికంటే ఆయన పట్టుదల మెయిన్ స్విచ్ మీద. బ్యాటరీ పక్కన, చేయి చాపితే అందేటట్టు, పెద్ద పిడి ఉన్న స్విచ్ పెట్టేవారు. వించ్ మాట వినకపోతే ఆ పిడి తిప్పగానే కరెంటు ఆగాలి. తొమ్మిదేళ్ల కిందట ఒక వానాకాలం నా బండిలోని ఆ స్విచ్‌లోకి బురద చేరి, వించ్ ఆగి ఆగి తిరగసాగింది. “బండి తీసుకరా, మారుస్త” అన్నారు మేస్త్రి. నాకు తీరిక చిక్కలేదు. మా డ్రైవర్లు చాలామంది చేసే పనే నేనూ చేశాను. స్విచ్ పీకేసి, రెండు కేబుళ్ల కొసలను ఒకే బోల్టుకు బిగించి, టేప్ చుట్టి డైరెక్ట్ చేసుకున్నాను. వించ్ బ్రహ్మాండంగా తిరిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక వాగు ఒడ్డున లోడు లారీని లాగుతున్నాం. నా తోటి పనివాడు సమ్మయ్య తాడు డ్రమ్ముకు సరిగా చుట్టుకునేటట్టు చేత్తో సర్దుతున్నాడు. నేను వించ్ తిప్పే బటన్ వదిలాను. వించ్ ఆగలేదు. బటన్ వదలగానే కరెంటు తెంచవలసిన రిలే లోపల అతుక్కుపోయింది. “ఆపు వీరన్నా, ఆపు!” అని సమ్మయ్య అరిచాడు. స్విచ్ ఉంటే ఒక్క తిప్పు. నేను స్పానర్ వెతికి, టేప్ చింపి, బోల్టు విప్పేసరికి తాడు కింద నలిగి అతని కుడిచేతి మూడు వేళ్లు పోయాయి.

ఖానాపురం హవేలి నుంచి మా బండి ఓనర్ దవాఖానాకు పరుగెత్తుకొచ్చాడు. “ఏంది వీరన్నా, ఎట్లయింది?” అని అడిగాడు. “మేస్త్రి వైరింగ్ ఫెయిలైంది సార్” అన్నాను. మంచం మీద ఉన్న సమ్మయ్య ఆ మాట విన్నాడు. నెల తిరగకుండా ట్రైలర్ల వాళ్లంతా విన్నారు. మేస్త్రి దుకాణం ముందు బండ్లు పలచబడ్డాయి.

బండిని మళ్లీ ఆయన దగ్గరికే తీసుకెళ్లాను. ఎందుకు పోయానో నాకే తెలియదు. ఆయన బ్యాటరీ పెట్టె మూత తీసి, నేను బిగించిన బోల్టు చూసి, మూత వేశారు. “టేప్ మాత్రం మంచిగ చుట్టినవ్” అన్నారు. నేను ఆయన కాళ్ల మీద పడబోయాను. భుజం పట్టి ఆపారు.

“ఓనర్‌కు తెలిస్తే నీ నౌకరి పోతది. నీ ఇంట్ల తినేటోళ్లు నలుగురున్నరు. నా దుకాణం ఎట్లన్న నడుస్తది. సమ్మయ్యకు మాత్రం నువ్వే చెప్పాలె. వాని చెయ్యి పోయింది, ఎందుకు పోయిందో వానికి తెల్వాలె గదా.”

“చెప్త మేస్త్రీ” అన్నాను. ఆ తర్వాత కనిపించినప్పుడల్లా “చెప్పినవా?” అని అడిగేవారు. “ఈసారి చెప్త” అనేవాణ్ణి. కొన్నేళ్లకు ఆయన అడగడం మానేశారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అడగడం మానేయడమే నాకు శిక్షయింది.

అంత్యక్రియలకు ఊరంతా వచ్చింది. సమ్మయ్య రాలేదు. అతని ఇల్లు మేస్త్రి ఇంటికి నాలుగు సందుల అవతలే. పదకొండో రోజున మేస్త్రి భార్య కమలమ్మ నాతో అన్నది: “పోయేముందు రెండు రోజులు సమ్మయ్య వచ్చిండా అని అడుగుడే అడుగుడు. ఏం బాకీ ఉన్నదో నాకు తెల్వది తమ్మీ.”

అన్నం తినకుండా లేచి సమ్మయ్య ఇంటికి పోయాను. స్విచ్ పీకేసిన దగ్గర నుంచి అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. చాలాసేపు తన చేతిని చూసుకున్నాడు.

“మేస్త్రి బజార్ల ఎదురైతే తొమ్మిదేండ్లు మొకం తిప్పుకున్న” అన్నాడు. తర్వాత, “ఏడ పెట్టిండ్రు?” అని అడిగాడు.

భద్రయ్య మేస్త్రి వంటి పనిమంతుడు మళ్లీ పుట్టవచ్చునేమో. తన పేరు పోతున్నా ఎదుటివాడి కూడు పోకూడదనుకున్న ఆ పుణ్యమూర్తి లోటు మాత్రం తీరేది కాదు. ఆయన వైరింగ్‌లో ఏ తప్పూ లేదు. ఓనర్ చదవనీ, సంఘం చదవనీ, నా నౌకరీ ఏమైనా కానీ.

సమ్మయ్యకు చెప్పిన ఆ సాయంత్రమే ఇద్దరం శ్మశానానికి పోయాం. సమ్మయ్య వంగి సమాధి మీద మూడు పిడికిళ్ల మట్టి వేయబోయాడు. రెండే వేళ్లున్న ఆ చేతిలో మట్టి నిలవలేదు. నేను దోసిట పట్టి అందించబోతే, “నువ్వు ఆగు” అన్నాడు. నేను ఆగాను. ఎడమ చేయి వాడకుండా, జారిపోయినప్పుడల్లా మళ్లీ తీసుకుంటూ, మూడుసార్లూ ఆ చేత్తోనే వేశాడు.