ముడులన్నీ విప్పిన ఇంటికి నా ప్రయాణం

పిట్టా, నువ్వున్నప్పుడు ఎన్నిసార్లు పిలిచావు, "అమ్మా, ఒక్కసారొచ్చి మా ఊరు చూసిపోరాదే" అని. కంది కొయ్యాలి, జొన్న కావలి కాయాలి అని నేనే ఎప్పటికప్పుడు వాయిదా వేశాను. చివరికి నువ్వు పోయిన తొమ్మిది నెలలకు బయలుదేరాను.

చదివేవాళ్లకు చెబుతాను. పిట్ట అంటే నా పెద్ద కూతురు. పట్నంలో కాన్పులు చేసే చదువు చదివి, కృష్ణా నది నడుమ గడ్డ మీదున్న ఒక చిన్న ఊరిలో మూడేళ్లు సర్కారు నర్సుగా పనిచేసింది. నాలుగు రోజుల జ్వరంతో పోయింది. నేను రెండో తరగతి దాకా చదివినదాన్ని, నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఏడ్వడానికైతే ఇంట్లోనే ఏడ్చేదాన్ని, అంత దూరం పోనక్కర లేదు. చిట్యాలలో మా వాడకట్టు ఆవిడ ఒకతె, ఆ ఏటి పక్క చుట్టాలున్న మనిషి, బావి దగ్గర అందరి ముందు అన్నది: "మీ బిడ్డ కాన్పు కాడ చేతులు ముడుచుకోని కూసునేదట గద. ఊకెనే జీతం తిన్నది." ఆ మాట విన్నప్పటి నుంచి తిన్న అన్నం ఒంటికి పట్టలేదు. నిజమో అబద్ధమో నా కళ్లతో చూడాలనుకున్నాను.

మార్గశిర మాసంలో ఒక ఉదయం ఏడింటికి చిట్యాలలో పట్నం బస్సెక్కాను. టికెట్టు రెండు రూపాయల లోపే. పట్నంలో బస్సు మారి జడ్చర్ల చేరేసరికి పొద్దు వాలింది. సత్రంలో పడుకుని, తెల్లవారి ఆరింటికి ఆత్మకూరు పోయే బస్సు పట్టుకున్నాను. కిటికీ పక్కన జాగా దొరికింది. దారంతా రాళ్లగుట్టలు, జొన్న చేలు. బస్సు ఊగుతుంటే పిట్ట చెప్పిన మాటలే మనసులో తిరిగాయి.

దానికి పట్నంలో రోడ్డు పక్కన పాత పుస్తకాల కుప్పలో ఒక పుస్తకం దొరికింది. చీనా దేశంలో వెనకటి పెద్దమనుషులు చెప్పిన మాటలట. వాళ్లు దాన్ని 'తావో' అన్నారట, అంటే దారి. సెలవుకు వస్తే నేను పిండి విసురుతుంటే పక్కన కూర్చుని చదివి వినిపించేది. నీళ్లు ఎవరితోనూ కొట్లాడవు, పల్లం చూసుకుని పోతాయి, అయినా రాయి అరిగిపోతుంది అనేది. బలవంతంగా చేసిన పని తిరిగి మన మీదికే వస్తుంది అనేది. నాకు మొదట నవ్వొచ్చింది. "గిది చెప్పనీకి చీనా దాక పోవాల్నా?" అన్నాను. కానీ ఆ తరువాత ఇంట్లో చూసుకుంటే అన్నీ అవే కనిపించాయి. తోడేసిన పాలను ఊరికే కదిలించి చూస్తే పెరుగు పేరుకోదు. చిక్కుపడ్డ దారాన్ని గుంజితే బిగుస్తుంది, వదులు చేస్తే వస్తుంది. కోడలి మీద అరిచే నోరు నేను కొంచెం మూసుకున్నాక ఇల్లు దానంతట అదే నడిచింది. కానీ కాన్పు అట్లాంటిది కాదే, ప్రాణం మీది పని కదా, అక్కడ కూడా ఊరికే కూర్చుందా అని నా భయం.

ఆత్మకూరులో తొమ్మిదింటికి దిగి, ఏటి ఒడ్డు దాకా ఎడ్లబండి మాట్లాడుకున్నాను, రూపాయి కిరాయి. అక్కడి నుంచి పుట్టిలో దాటాలి, మనిషికి పావలా. పుట్టి అంటే వెదురు బుట్టకు తోలు చుట్టిన గుండ్రటి పడవ. నడిపే తిమ్మప్ప నన్ను ఎక్కించుకున్నాడు కానీ, నీళ్లలో దిగి పుట్టిని ఒడ్డు వెంట ఎగువకు లాక్కుంటూ పోయాడు. నాకు ఒళ్లు మండింది.

"ఊరు గా ఎదురుంగ కనబడ్తాంది. నన్ను ఎటు తీస్కపోతున్నవ్ నాయినా?"

"ఊరికే పోతున్నం పెద్దమ్మా. సీదా పోతే ఏరు మనల్ని కిందికి ఈడుస్తది. మీదికెల్లి ఇడిస్తే అదే తీస్కపోయి దింపుతది. నాకెందుకు కష్టం?"

"మరి నీ పనేంది? పావలా దేనికి?"

"యాడ ఇడవాల్నో ఎరికైనందుకు!"

నవ్వాను. తొమ్మిది నెలల్లో అదే మొదటిసారి. నేనెవరో చెప్పాను. అతను తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. "నర్సమ్మ తల్లివా? చీనా ముసలోళ్లు గూడ నా లెక్కనే చెప్పిన్రని అనేది. అప్పుడేమో చీనాతోని లడాయి. మా ఊరి పెద్దమనిషి ఒకాయన గరమైండు, దుష్మన్ల మాటలు చెప్తవా అని. నీ బిడ్డ ఏమన్నదో ఎరికనా? 'గాళ్లు సచ్చి రెండువేల ఏండ్లాయె తాతా, గాళ్లకు లడాయి సంగతి తెల్వది' అన్నది."

ఊరిలో పిట్ట ఉన్న గది అడిగితే, ముందు మంత్రసాని సాయమ్మను కలవమన్నారు. సాయమ్మ అనసూయ అనే ఒక కోడలి ఇంట్లో ఉంది, ఆ పిల్లకు పొద్దున్నుంచి నొప్పులు. నేను అక్కడికే పోయాను. అది కాన్పు ఇల్లని గడప దాటగానే తెలిసింది. పెట్టెల తాళాలు తీసున్నాయి, గింజల గుమ్ముల మూతలు తెరిచున్నాయి, బస్తాల మూతి తాళ్లు విప్పున్నాయి, ఆడవాళ్ల కొప్పులు కూడా విప్పున్నాయి. కాన్పు కష్టమైతే, బిడ్డకు దారి దొరకాలని ముడులన్నీ విప్పడం మా పక్క కూడా ఉన్న అలవాటే. వింతేమిటంటే, ఒక్కరి చెయ్యి కూడా ఆ పిల్ల కడుపు మీద లేదు. అనసూయ గుంజ పట్టుకుని దాని చుట్టూ నడుస్తోంది. సాయమ్మ కడిగిన చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. పొయ్యి మీద రొట్టెలు కాలుతున్నాయి.

అంతలో ఆ పిల్ల గట్టిగా అరిచింది. నేను ఆగలేకపోయాను. "గట్ల చూస్తరేంది? జర కడుపు ఒత్తుండ్రి! లేకుంటే దవాఖానకన్న తోలుండ్రి!"

"ఎవలమ్మా నువ్వు? చేతులు కడుక్కున్నవా?" అని సాయమ్మ కసిరింది. నేనెవరో చెప్పాను. సాయమ్మ పెదవి విరిచి నవ్వింది. "నర్సమ్మ తల్లివయ్యి నువ్వే గింత తొందరపడితే ఎట్ల? నీ బిడ్డ ఉంటే నిన్ను బయటికి పంపుతుండె. కూసో."

కూర్చున్నాను. అడగలేక అడిగాను, "నా బిడ్డ కాన్పు కాడ చేతులు ముడుచుకోని కూసునేదట, నిజమేనా?"

"నిజమే," అంది సాయమ్మ. "కూసునేది. కన్ను మాత్రం కూసోకపోయేది. నొప్పికీ నొప్పికీ నడుమ ఎంతసేపో చూసేది, నాడి పట్టేది. నలభై ఏండ్ల సంది ఒత్తుడు, గుంజుడే పని అనుకున్న నేను. ఒకనాడు అందరి ముంగట అన్నది, 'పెద్దమ్మా, ఇంట్ల ముడులన్ని ఇప్పినవ్, ఇగ నీ పిడికిలి గూడ ఇప్పు' అని. మూన్నెల్లు దానితోని మాట్లాడలె. కానీ చూసుకుంట ఉన్న. బిడ్డ అడ్డం తిరిగిందని తెలిసిన్నాడు మొగోళ్లు ఇంక ఆలోచన చేస్తనే ఉన్నరు, నీ బిడ్డ ఆ తల్లిని పుట్టిల ఎక్కిచ్చి దవాఖానకు తీస్కపోయింది. ఇద్దరు బతికిన్రు. ఎప్పుడు కూసోవాల్నో, ఎప్పుడు లేవాల్నో దానికి ఎరికుండె."

అనసూయ అత్త నా ముందు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. "కాన్పు ఇంట్ల మేము ఉపాసముంటుంటిమి. ఆకలి మీదుంటే చేతులు తొందరపడతయని నర్సమ్మ మొదలు అందరిని తినమనేది. తిను వదినా." నేను తిన్నాను. తినేశాక నా రెండు చేతులనూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. లేకపోతే అవి ఆగేట్టు లేవు. నాలుగింటి వేళ సాయమ్మ లేచింది. "ఇగ నూకు బిడ్డా" అన్నది, రెండు చేతులు చాచింది, బిడ్డ వాటిలోకి వచ్చింది. ఆడపిల్ల. ఏడుపు విని నేనూ ఏడ్చాను. సాయమ్మ నా వైపు చూసి, "ఇగ లెవ్వు, చేతులకు తిమ్మిరెక్కి ఉంటది," అంది. అందరూ నవ్వారు.

నాకు ఇప్పుడు ఎవరి మీదా కోపం లేదు. అవును, నా బిడ్డ కూర్చునేది అని నేనే చెబుతాను. ఒక్క పూట నేను కూర్చుని చూశాను, పొలంలో రోజంతా వంగి నాటు వేసినా అంత అలసట రాదు. చెయ్యి వేయడం అందరికీ వచ్చు, చెయ్యి వేయకుండా మనిషి పక్కన నిలబడడం నా పిట్ట నేర్చుకుంది, ఒక ఊరికి నేర్పింది. ఇరవై నాలుగేళ్లకే పోయింది, అయినా ఆ గడ్డ మీద పుట్టే ప్రతి బిడ్డకూ అది ముందే మేలు చేసి పోయింది. దాన్ని కన్నది నేను.

మీరెవరైనా ఆ పక్కకు పోవాలనుకుంటే వానాకాలం వద్దు, ఏరు పొంగుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా మంచిది. మధ్యాహ్నం లోపలే ఒడ్డుకు చేరండి, ఆ తరువాత గాలి లేస్తే పుట్టి నడపరు. ఒడ్డు మీద హోటలు లేదు, ఆత్మకూరులోనే ఆగండి. తొందరపడకుండా, కడుపునిండా తిని బయలుదేరండి.