ఎవెర్ట్ కేకులు, అక్క ఆరున్నర

మా బ్యోర్కోసెన్ ఊరి వేట జట్టులో గురి తప్పినవాడు మర్నాడు అందరికీ కేక్ తేవాలి. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు గాని, దాని పుణ్యమా అని ఎవెర్ట్ చెయ్యి తిరిగిన కేకుల మేస్త్రీ అయ్యాడు. కలప లారీ తోలే మనిషి. గుమ్మంలో నిలబడితే వెలుతురు రాదు. ఆ చేతులతోనే ఆకుపచ్చ బాదం పూత ముడత పడకుండా పరిచి, పైన చక్కెర గులాబీ పెడతాడు. ఊళ్ళో పెళ్ళిళ్ళకు కూడా అడిగేవాళ్ళు. అడిగితే మాత్రం మొహం గంటు పెట్టుకునేవాడు. ఆ విద్య ఎలా అబ్బిందో అందరికీ తెలుసు మరి.

మొదట్లో అతను బాగానే కాల్చేవాడు. ఒక ఏడాది అతను కొట్టిన మూస్, తూటా తగిలాక కూడా నింపాదిగా నడిచి చిత్తడి దాటి, అవతలి పొదల్లో పడింది. గుర్రం కన్నా ఎత్తైన దుప్పి జాతి జంతువు. ఊపిరితిత్తుల్లో దెబ్బ తగిలినా కాసేపు నడుస్తుంది. మాకది మామూలే. ఎవెర్ట్ మాత్రం తుపాకీ చాల్లేదనుకున్నాడు. ఎస్టర్‌సుండ్ పట్నం వెళ్ళి మాగ్నం అనే పెద్ద రైఫిల్ కొనుక్కొచ్చాడు. దాని తూటా చూపుడువేలి కన్నా పొడుగు.

"దీంతో కొడితే మూస్ ఎక్కడిదక్కడే కూలబడాలి," అన్నాడు.

"కాల్చినవాడు కూడా కూలబడతాడేమో, వెనకాల మెత్తటి చోటు చూసుకో," అన్నాడు ఆల్గోట్. జట్టులో అందరికన్నా పెద్దవాడు ఆల్గోట్. కాళ్ళు నడవనన్నా నోరు నడుస్తుంది.

జట్టు నాయకురాలు ఎవెర్ట్ అక్క గున్‌వోర్. టపా బండి నడుపుతుంది. పిట్టంత మనిషి. తండ్రి వాడిన పాత ఆరున్నర మిల్లీమీటర్ల రైఫిల్‌తోనే ఏటా మూస్‌ను పడగొడుతుంది. మేమంతా దాన్ని ఆరున్నర అనే అంటాం. తాతల నాటి నుంచి ఈ అడవుల్లో దానికి పడినన్ని మూస్‌లు మరే తుపాకీకీ పడలేదని మా వాళ్ళ నమ్మకం. సన్నగా పొడుగ్గా ఉండే తూటా. ఆర్భాటం లేకుండా లోతుకు దిగుతుంది. భుజాన్ని నెడుతుంది గాని తన్నదు. ఎవెర్ట్ దాన్ని ఉడతల తుపాకీ అనేవాడు.

మాగ్నం వచ్చాక కేకులు మొదలయ్యాయి. ఏటేటా ఒకటి, ఒక్కో ఏడాది రెండు. నవ్వుకుంటూ తినేవాళ్ళం. కాని పోయిన ఏడాది అతని తూటా ఒక ఆడ మూస్ కాలికి తగిలింది. కుక్కతో నెత్తుటి జాడ పట్టుకుని పొద్దు వాలేదాకా వెదికి, గున్‌వోర్ ఒక్క తూటాతో దాని బాధ తీర్చింది. ఆ మర్నాడు కేక్ ఎవరూ ముట్టుకోలేదు.

దాంతో జట్టు కొత్త కట్టడి చేసింది. వేట మొదలయ్యేలోగా గురి మైదానంలో పట్టాల మీద పరుగెత్తే చెక్క మూస్‌ను సరైన చోట కొట్టలేనివాళ్ళకు వేటలో కాపు కాసే మాటు దక్కదు. వంట చూసుకోవాలి. ఎవెర్ట్ మాటు కాకుల చిత్తడి పక్కన ఉంది. వాళ్ళ నాన్న కూర్చున్న మొద్దు మీదే కూర్చుంటాడు. అది పోతుందంటే అతనికి అన్నం సహించలేదు.

ఆగస్టులో పరీక్షకు వచ్చాడు. చొక్కా లోపల భుజం మీద ఏదో ఎత్తుగా ఉంది.

"ఏంట్రా అది, దిండా? కాలుస్తావా, పడుకుంటావా?" అన్నాడు ఆల్గోట్.

"స్పాంజి. నీకెందుకు?"

చెక్క మూస్ అటు పరుగెత్తింది, ఇటు పరుగెత్తింది. వెనక మట్టికట్ట నుంచి దుమ్ము లేచింది గాని చెక్కకు గీత పడలేదు.

గున్‌వోర్ దగ్గరికొచ్చింది. "ఇలా ఇవ్వు. ఈసారి నేను పెడతాను తూటా."

అతనికి కనబడకుండా కాల్చేసిన తూటా ఖాళీ తొడుగు పెట్టి ఇచ్చింది. చెక్క మూస్ బయల్దేరింది. ఎవెర్ట్ మీట నొక్కాడు. టిక్కుమంది, అంతే. కాని తన్నుతుందన్న భయానికి అతని కళ్ళు గట్టిగా మూసుకున్నాయి. చన్నీళ్ళు నెత్తిన కుమ్మరించినట్టు ఒళ్ళంతా ఎగిరిపడింది, గొట్టం నేల చూసింది. తుపాకీ పేలలేదు, మనిషి పేలాడు.

ఆల్గోట్ పట్టలేక నవ్వాడు.

"నలుగురిలో పరువు తీశావు కదక్కా," అన్నాడు ఎవెర్ట్.

"పరువు పోతే వస్తుంది. కుంటి మూస్‌కి కాలు రాదు," అంది గున్‌వోర్.

చాలా రోజులు అక్కతో మాట్లాడలేదు. టపా బండి వస్తుంటే ఇంట్లోకి వెళ్ళిపోయేవాడు. వేట దగ్గర పడ్డాక ఒక సాయంత్రం దాల్చినచెక్క రొట్టెలు పట్టుకుని ఆమె వాకిట్లో నిలబడ్డాడు.

"నాన్న తుపాకీ ఒకసారి ఇస్తావా? ఊరికే చూస్తాను."

"చూడ్డానికైతే గోడ మీదే ఉంది. కాల్చడానికైతే పద."

మైదానంలో అతను పళ్ళు బిగించి కాల్చాడు. తన్ను కోసం ఎదురుచూశాడు. రాలేదు.

"అంతేనా?"

"అంతే."

"మరి తగిలినట్టు మూస్‌కి తెలుస్తుందా?"

"దెబ్బ తగలాల్సింది మూస్‌కిరా, నీకు కాదు. కళ్ళు తెరిచి ఇంకోటి కాల్చు."

ఆ సాయంత్రం చెక్క మూస్ ఛాతీ నిండా చిల్లులు పడ్డాయి. మర్నాడు అదే తుపాకీతో జట్టు ముందు పరీక్ష నెగ్గాడు. అక్క దాన్ని అతనికే ఇచ్చేసింది. "నీ సంగతేంటక్కా?" అంటే, "నాకింకోటుందిలే. అదీ ఆరున్నరే," అంది.

సెప్టెంబరు, వేట మొదటి రోజు. చిత్తడి మీద మంచు కమ్ముకుని ఉంది. కొండవాలున కుక్క మొరిగింది. మొరుగు కిందికి దిగేకొద్దీ మేమందరం ఎవరి మాటులో వాళ్ళం చెవులు రిక్కించాం. అది కాకుల చిత్తడి వైపే పోతోంది. ఒక్క పేలుడు వినిపించింది. రెండోది లేదు. ఎవెర్ట్ విషయంలో అది మంచికో చెడుకో చెప్పలేం.

చాలాసేపటికి చేతిలోని రేడియో గరగరలాడింది.

"పడింది," అన్నాడు ఎవెర్ట్.

"ఎక్కడ తగిలింది?" అంది గున్‌వోర్.

"ముందుకాలి వెనక. చూశానక్కా." మళ్ళీ అన్నాడు. "తగలడం నా కళ్ళతో చూశాను."

కొమ్ముల మగ మూస్. కొంచెం నడిచి, అలవాటైన చోట పడుకున్నట్టు బిర్చ్ చెట్ల మధ్య ఒరిగింది. తోలు ఒలిచాక గున్‌వోర్ గాయం చూసి తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది. అతను ఎర్రబడ్డ మొహంతో కత్తి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మంట చుట్టూ కాఫీ తాగుతుంటే ఆల్గోట్ మాత్రం దిగులుగా ఉన్నాడు.

"అంతా బాగుంది. రేపు కాఫీలోకి ఏం తింటాం? వీడు కొట్టడం మొదలెడితే జట్టు పస్తే."

ఎవెర్ట్ లేచి లారీ దాకా వెళ్ళి, పెద్ద అట్టపెట్టె తెచ్చి మొద్దు మీద పెట్టాడు. లోపల ఆకుపచ్చ కేక్, గులాబీ, చుట్టూ చక్కెర అక్షరాలు. గున్‌వోర్ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "మన్నించండి."

"ఎవర్ని మన్నించాలి? మూస్‌నా?" అన్నాడు ఆల్గోట్.

"నిన్ననే చేసి పెట్టుకున్నాను," అన్నాడు ఎవెర్ట్ నేల చూస్తూ. "నమ్మకం లేక."

ఆ రోజు అక్షరాలతో సహా తినేశాం.

మాటు అతనిదే, ఆరున్నరా అతని దగ్గరే ఉంది. మాగ్నం అల్మారాలో దుమ్ము పట్టింది. అమ్మేయకూడదా అంటే ఎవెర్ట్ తల అడ్డంగా ఊపుతాడు.

"కొన్నవాడికి కేక్ చెయ్యడం రావాలి కదా," అంటాడు.