అరువు బిషప్పుగారు

మా అమ్మ మూడు నెలల వీసా మీద ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగినప్పుడు ఆమె చేతిసంచిలో ఒక తెల్ల ముసుగూ, డబ్బాడు పిన్నీసులూ ఉన్నాయి. పచ్చళ్లన్నీ పెద్ద పెట్టెలో వేసేసి, ఈ రెండింటినీ మాత్రం దారంతా ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ముసుగు నా కూతురి కన్ఫర్మేషన్ కోసం. బిషప్పుగారు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తేగాని మా చర్చిలో పిల్లల్ని ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి రానివ్వరు. ఆ రోజు ఆడపిల్లలకు తెల్ల బట్టలు, నెత్తిన తెల్ల ముసుగు. అది జారిపోకుండా పిన్నీసులు పెట్టడం నలభై ఏళ్లపాటు మా అమ్మ పని.

అమ్మ బైబిలు స్త్రీగా పనిచేసింది. గోదావరి పక్క ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పేది, జబ్బుపడినవాళ్ల మంచం పక్కన కూర్చునేది, కన్ఫర్మేషన్ పిల్లలకు తరగతులు చెప్పేది. తీరా ఆ రోజు వచ్చేసరికి పిల్లలు పీఠం ముందున్న కొయ్య రెయిలింగు దగ్గర మోకరించేవారు, బిషప్పుగారు లోపలివైపు నుంచి ఒక్కొక్కరి తలమీద చెయ్యి పెట్టేవారు. అమ్మ మూడో బెంచీ దగ్గర, పెదాల మధ్య రెండు పిన్నీసులు పట్టుకుని నిలబడేది. ఆ రెయిలింగు దాటి ఆమె లోపలికి వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు అదేమీ నాకు వింతగా అనిపించలేదు.

మే నెలలో అందరం ఊరెళ్లి, అక్కడి పిల్లలతోపాటే మా అమ్మాయికీ ఆ కార్యక్రమం జరిపించాలని అమ్మ ఆశ. దానికి రెండు అడ్డంకులు వచ్చిపడ్డాయి. ఊళ్లో పాత బిషప్పుగారు రిటైరయ్యారు. కొత్తవారి విషయంలో, బిషప్పు కిందుండే చర్చీలన్నీ కలిసిన మా డయాసిస్ రెండు వర్గాలై కోర్టుకెక్కింది. ఆఫీసుకు తాళం పడింది, బిషప్పు పీఠం ఖాళీ. ఇక్కడేమో మార్చిలో కరోనా వల్ల విమానాలు ఆగిపోయాయి. ఆఫీసు పనిమీద హైదరాబాదు వెళ్లిన నా భర్త అక్కడ చిక్కుకుపోయాడు, మా అమ్మ ఇక్కడ చిక్కుకుపోయింది. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో అమ్మ, నేను, పద్నాలుగేళ్ల నా కూతురు మిగిలాం.

వీసా పొడిగింపుకి ఇక్కడి ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింటుమెంటు దొరక్క నేను తల బాదుకుంటుంటే అమ్మకు చీమ కుట్టినట్టయినా లేదు. ఆమె బాధంతా బిషప్పుగారు లేరనే. రెండు వర్గాలవాళ్లూ పంపే వాయిస్ మెసేజీలను వంటింట్లో గట్టిగా పెట్టుకుని వినేది. పక్కగదిలో నేను క్లయింటుతో మాట్లాడుతుంటే వెనకనుంచి ఎవరో పెద్దాయన ఎవరినో తిట్టిపోస్తూ ఉండేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. దేవుడి ఇంట్లో కుర్చీకోసం కొట్టుకునేవాళ్లకి బిషప్పు దేనికని ఒకరోజు అనేశాను కూడా. అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది.

అయినా ఇప్పుడు తలుచుకుంటే ఆ నెలలే కావాలనిపిస్తుంది. హాస్టల్లో చేరిన తర్వాత నేను అమ్మతో అన్నాళ్లు కలిసి ఉండనేలేదు. సాయంత్రాలు చీర మీద నా చలికోటు, కాళ్లకు మేజోళ్లు, వాటిమీద హవాయి చెప్పులు వేసుకుని మైన్ నది ఒడ్డున నాతో నడిచేది. షాపుల్లో మైదాపిండి దొరకని రోజుల్లో కూడా వంటింట్లోంచి ఏదో ఒక వాసన వచ్చేది. భోజనాల బల్ల దగ్గర రోజూ ఒక గంట క్లాసు. విశ్వాస ప్రమాణాన్ని మా అమ్మాయి జర్మన్ అక్షరాల్లో రాసుకుని తెలుగులో అప్పజెప్పేది. అమ్మమ్మ తెలుగులో ప్రశ్న అడిగితే అది జర్మన్‌లో జవాబు చెప్పేది, నేను మధ్యలో కూర్చుని ఇటూ అటూ చేరవేసేదాన్ని. నాకు ఆ బల్ల ముందు ఇంకొక్కసారి కూర్చోవాలని ఉంది.

మే నెలలో ఊరినుంచి సంఘ పెద్దాయన ఒకాయన ఫోన్ చేశారు. రెండు వర్గాలూ ఒక్క విషయంలో కలిశాయట. అక్కడి పెద్దల్లో ఎవరినీ నమ్మలేరు కాబట్టి, కొత్త బిషప్పుగారి ఎన్నిక జరిగేదాకా తాత్కాలికంగా మమ్మల్ని చూసుకోండని విదేశాల్లోని చర్చి నాయకులను అడుగుతారట. అలా అడగబోతున్న ముగ్గురిలో ఒకాయన జర్మనీలోని ఇంగ్లీషు చర్చీలను చూసే బిషప్పు. ఆ ఉత్తరం మేమే అందించాలి.

ఉత్తరం నాలుగు పేజీలు వచ్చింది. మొదటి పేజీ నిండా వందనాలు. రెండో పేజీలో దొరల కాలం నుంచి మా డయాసిస్ చరిత్ర. మూడో పేజీలో గోదావరి వరదలు. అసలు అడగాల్సింది నాలుగో పేజీ చివర, సిగ్గుపడుతూ. ఇక్కడివాళ్లు మొదటి పేజీ దగ్గరే పక్కన పడేస్తారని చెప్పి, పెద్దలను ఒప్పించి ఒక్క పేజీకి కుదించాను. అమ్మకు కోపం వచ్చింది. పెద్దవాళ్ల ఇంటికెళ్లి గుమ్మంలోనే అప్పడిగినట్టుందని అంది. రెండు రోజులు నాతో మాటల్లేవు, ఉప్పు కావాలన్నా మనవరాలి ద్వారానే అడిగింది. చివరికి రెండు వాక్యాల వందనాలు వెనక్కి చేర్చాను. ఉత్తరం అడుగున అమ్మ తన చేత్తో ఒక్క మాట రాసింది. పిల్లలు అన్నీ నేర్చుకుని ఉన్నారు, వాళ్ల తలమీద పెట్టడానికి చెయ్యే లేదు, అని. దాని కింద నేను ఆ మాటనే ఇంగ్లీషులో రాసి, ఇక్కడ మా అమ్మాయీ అలాగే ఎదురుచూస్తోందని చేర్చాను.

జూలైలో జవాబు వచ్చింది. ముగ్గురూ ఒప్పుకున్నారు. ఎన్నిక అయ్యేదాకా వారం వారం మా పాస్టరయ్యగార్లతో స్క్రీన్ మీద మాట్లాడతారు, ఏ వర్గం పక్షానా నిలబడరు. జర్మనీ బిషప్పుగారు మాత్రం చివర్లో సొంతంగా రెండు మాటలు చేర్చారు. ఊళ్లో గుమిగూడే వీలు రాగానే అక్కడి పిల్లలకోసం పక్క డయాసిస్ బిషప్పుగారిని అడుగుతాననీ, ఇక్కడున్న అమ్మాయికోసం సెప్టెంబరులో తానే వస్తాననీ. అమ్మ ఆ కాగితాన్ని నాచేత మూడుసార్లు చదివించుకుని బైబిల్లో పెట్టుకుంది. నేను ఆయనకి అరువు బిషప్పని పేరు పెట్టాను. అమ్మ మొదట కసిరింది, తర్వాత ఆమే ‘మన అరువాయన ఎప్పుడొస్తారే’ అని అడగడం మొదలుపెట్టింది.

అమ్మ తిరుగు ప్రయాణానికి సెప్టెంబరులో ఒక గురువారం టికెట్టు దొరికింది. బిషప్పుగారు వచ్చింది దానికి ముందు ఆదివారం.

మా తెలుగు సంఘం ఒక జర్మన్ చర్చిలో ఆరాధన జరుపుకునేది. కుర్చీలు దూరం దూరంగా వేశారు, పాటలు పాడకూడదన్నారు, మొత్తం పన్నెండుమందిమి. బిషప్పుగారు వీపున సంచి తగిలించుకుని రైలు దిగి నడుచుకుంటూ వచ్చారు. అమ్మ ఊరినుంచి తెచ్చిన శాలువా ఒకటి ఆయనకు కప్పుదామని బయటికి తీసింది. దగ్గరికి వెళ్లకూడదని గుర్తొచ్చి, దాన్ని ఒక కుర్చీమీద పెట్టి చేత్తో చూపించింది. ఆయన తీసుకుని తనే కప్పుకున్నారు.

ఆరాధన మొదలవబోతుంటే ఆ చర్చి చూసుకునే జర్మన్ ఆవిడ వచ్చి నిబంధన గుర్తుచేసింది. ఒకే ఇంట్లో ఉండేవాళ్లు తప్ప ఎవరూ ఎవరినీ ముట్టుకోకూడదు. బిషప్పుగారు దూరంగా నిలబడి ప్రార్థన చేయాలి. ఈ సంగతి నాకు వారం ముందే తెలుసు. అమ్మకు చెప్పే ధైర్యం లేక దాచాను.

ఆమె ముఖం వాడిపోయింది. "చెయ్యి పెట్టకపోతే అది ప్రార్థనే గానీ కన్ఫర్మేషన్ ఎలాగవుతుందే?" అంది మెల్లగా.

నేను ఆ మాట బిషప్పుగారికి చెప్పాను. ఆయన, అమ్మాయితో ఒకే ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారని అడిగారు. నా భర్త ఇంకా హైదరాబాదులోనే ఉన్నాడు, నేనూ, మా అమ్మా అన్నాను. మరి ఈ పిల్లకు నేర్పించింది ఎవరని అడిగారు. నేను అమ్మవైపు చూపించాను. అయితే ఈ రోజు ఆవిడ చెయ్యే నా చెయ్యి అని చెప్పండన్నారు.

చెప్పాను. అమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేనా? నేను పిన్నీసులు పెట్టేదాన్ని."

నాకు కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. "గురువారం ఫ్లైటమ్మా. రా," అన్నాను.

అక్కడ రెయిలింగు లేదు, రెండు మెట్లు మాత్రం ఉన్నాయి. అమ్మ మెట్ల దగ్గర చెప్పులు విప్పి పైకెక్కింది. నా కూతురు మోకరించింది. బిషప్పుగారు రెండు మీటర్ల దూరంలో నిలబడి అరచెయ్యి చాపారు, అమ్మ తన చెయ్యి ముసుగుమీద పెట్టింది. ఆయన ఇంగ్లీషులో ప్రార్థిస్తుంటే, ఎవరూ అడగకుండానే అమ్మ అవే మాటలు తెలుగులో చెప్పింది. నలభై ఏళ్లు మూడో బెంచీ దగ్గర నిలబడి విన్న మాటలు, ఒక్కటీ తడబడలేదు. నా మాస్కు మొత్తం తడిసిపోయింది.

ఆ సాయంత్రం ఊరినుంచి, మే నెలలో ఫోన్ చేసిన ఆ సంఘ పెద్దాయనే వీడియో కాల్ చేసి ఎలా జరిగిందని అడిగారు. అంతా బిషప్పుగారే చేశారని, తను పక్కన నిలబడ్డానని అమ్మ చెప్పింది. నేను నోరు తెరవబోతే కళ్లతోనే వారించింది. ఆడమనిషి చెయ్యి పెట్టిందని తెలిస్తే అది చెల్లదని ఏదో ఒక వర్గం లేస్తుంది, పిల్ల కన్ఫర్మేషన్ కూడా కోర్టుకెక్కుతుంది. ఆమె భయం అదీ. నాకు అర్థమైంది, అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు.

నా కూతురు వచ్చి అమ్మమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ఇంట్లో ఏమడిగినా జర్మన్‌లో జవాబిచ్చే పిల్ల, మాటమాటా కూడబలుక్కుని తెలుగులో చెప్పింది.

"కాదు తాతగారూ. బిషప్ దూరంగా ఉన్నారు. అమ్మమ్మ చెయ్యి పెట్టింది."

ఆయన ముఖం తెరకు దగ్గరగా వచ్చింది. తర్వాత ఆయన, నిజమేనా అమ్మా, మీరేనా అని అడిగారు.

అమ్మ ఫోన్ వెనక్కి తీసుకుని, కళ్లజోడు సరిచేసుకుంది.

"అవునండీ. నేనే పెట్టాను."