బావగారి కారు, ఒక్క రౌండు

మెకానిక్కుకు ఒకటే పట్టుదల. బాగుచేసిన బండిని స్వయంగా ఒక రౌండు తిప్పి చూడనిదే తాళం ఎవరి చేతికీ ఇవ్వడు. ఇరవై రెండేళ్ళుగా అదే వరస. చివరికి ఆ పట్టుదలే కొంప ముంచింది.

ముంచిన కారు ఎవరిదో కాదు, సొంత బావది. ఏ పని చెప్పినా "రేపు చూద్దాంలే" అనే మహానుభావుడు ఆయన. బ్రేకు సరిగ్గా పట్టడం లేదని తెచ్చి వదిలాడు. మెకానిక్కు ప్యాడ్లు మార్చి, మసి చేతులతోనే వీధి మలుపు దాకా వెళ్ళాడో లేదో, పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఇన్సూరెన్సు గడువు తీరి పదకొండు రోజులైందట!

"బండి నాది కాదు సార్, రిపేరుకొచ్చింది!"

"స్టీరింగు పట్టుకుంది నువ్వేగా?"

కారు స్టేషనుకు పోయింది. నడిపినందుకు ఇతని మీద, నడపమని ఇచ్చినందుకు బావ మీద కేసు రాశారు. జరిమానాతో పోవచ్చు, జైలు కూడా పడొచ్చు. మెకానిక్కు బెంగ మాత్రం వేరే. ఆసుపత్రి అంబులెన్సుల మరమ్మతు పని ఇతనికే ఇస్తామన్నారు. ఈగలు తోలుకుంటున్న షెడ్డుకు అదొక్కటే ఆశ. పేరు మీద ఏ నేరమూ ఉండకూడదన్నది వాళ్ళ షరతు.

కోర్టుకు ముందురోజు బావ షెడ్డుకొచ్చాడు, వెనకాలే అక్క.

"ఒరేయ్, నాకు చెప్పకుండా నువ్వే తీశావని చెప్పెయ్. నేను బయటపడతా."

"అంటే దొంగతనం కూడా నెత్తినేసుకోమంటావా బావా?"

"నీకెలాగూ తప్పదు కదరా!"

మెకానిక్కుకు ఒళ్ళు మండిపోయింది. తల దించుకున్న అక్కను చూసి, ఆమె వైపు స్టూలు జరిపాడు.

మర్నాడు మేజిస్ట్రేటు అడిగితే ఉన్నదున్నట్టే చెప్పాడు. "బ్రేకు చూడమని ఇచ్చారండీ. బ్రేకు చూశాను, కాగితం చూడలేదు." తిలాపాపం తలా పిడికెడన్నట్టు ఇద్దరికీ జరిమానా పడింది. అంబులెన్సుల పని పక్క వీధి షెడ్డుకు వెళ్ళిపోయింది. బద్ధకం బావది, పోయింది ఇతని నోటి దగ్గరి కూడు.

వారం తిరక్కుండా బావ అదే కారును స్టేషను నుంచి విడిపించి, ట్రాలీ మీద తెచ్చి దింపించి, తాళం చేతిలో పెట్టాడు. అక్క చేతిలో ప్రయాణం సంచీ ఉంది.

"ఒక్క రౌండు వేసి ఇచ్చెయ్ రా. మీ అక్కను రైలెక్కించాలి."

"ఇన్సూరెన్సు?"

"కట్టి చచ్చాను బాబూ, ఇదిగో!"

మెకానిక్కు చేతులు తుడుచుకుని కాగితం చదివాడు. పేరు, నంబరు, తేదీ. మళ్ళీ తేదీ.

"బావా, ఇది మొదలయ్యేది రేపు."

"ఒక్క పూటలో ఏం కొంపలు మునుగుతాయిరా?"

మునిగిన కొంప ఎదురుగా కనిపిస్తూనే ఉంది. ఖాళీగా ఉన్న షెడ్డు వైపు ఒకసారి చూసి, మెకానిక్కు తాళం జేబులో వేసుకున్నాడు.

"రేపు చూద్దాంలే బావా."

అక్క సంచీ మొగుడి చేతిలో పెట్టి, బస్సు కోసం ముందుగా నడిచింది.