భూమిలో దూరిన వాగు

సముద్రాలు దాటి వచ్చిన ఈ దీవిలో, చెరుకుతోటల ఐదేళ్ళ కూలి ఒప్పందం, అదే గిర్మిట్, ముగిశాక పని వెతుక్కుంటూ లౌటోకా నుంచి సింగటోకా వైపు నడుస్తున్న రోజులవి. ఒకచోట, కొండ మీది నల్లరాళ్ళ మధ్య నుంచి గలగలా దిగివచ్చిన వాగు, తెల్లటి సున్నపురాయి నేల తగలగానే ఒక బొరియలోకి దూరి మాయమైంది. ఆ నీళ్ళన్నీ ఎటు పోయాయో నాకు అంతుపట్టలేదు. అదే ఆలోచించుకుంటూ సముద్రపొడ్డుకు దిగాను.

అక్కడ అలలు వెనక్కి తగ్గిన చోట, రాళ్ళ సందున ఒక తెలుగు ముసలమ్మ కిరసనాయిలు డబ్బాలో నీళ్ళు పడుతోంది.

"ఉప్పునీళ్ళెందుకమ్మా?" అన్నాను.

"తాగి చూడు బాబూ," అని దోసిట్లో పోసింది.

చల్లటి మంచినీళ్ళు!

"పైన బొరియలో దూరిందే, ఆ వాగే ఇది. పోటొస్తే మునిగిపోద్ది."

"అదే ఇదని ఎలా తెలిసింది?"

ఆమె డబ్బా కింద పెట్టింది. "మా ఆయన గిర్మిట్ తీరకుండానే, కూలోళ్ళుండే లైను కొట్టంలోనే పోయాడు. ఇక్కడ గోదారేది? అస్తికలు ఆ బొరియ దగ్గరే కలిపాం. ఈ ఊట ఆ వాగుదేనని ఇక్కడోళ్ళు చెప్పారు గానీ, నాకు దిగులట్టుకుంది, మనిషి లోపలే ఉండిపోతాడేమోనని. ఇంట్లో పసుపంతా ఆ బొరియలో పోసి, ఇక్కడికొచ్చి కూకున్నాను. పొద్దుగూకేలోపు ఈ సందులోంచి పచ్చగా వచ్చింది బాబూ. సముద్రంలో కలిశాడు."

ఆమె మళ్ళీ పోసిన నీళ్ళు నా దోసిట్లోనే ఆగిపోయాయి. అది చూసి నవ్వింది.

"గోదారిలో కలిపినోళ్ళు గోదారి నీళ్ళు తాగడం మానేశారా?"

తాగి, మళ్ళీ దోసిలి పట్టాను.