మీసాలు రాల్చిన జబ్బు

ఆ రోజుల్లో కథకూ అబద్ధానికీ మధ్య ఒక గట్టు ఉంటుందని నాకు తెలియదు. తెలిసినా ఆ గట్టు మీద కూర్చుని రెండు పక్కలా కాళ్ళు వేలాడేసేవాణ్ణేమో. సెల్‌ఫోను ఇటుకంత ఉండి, అందులో మాట వినపడాలంటే మనం నీళ్ళ ట్యాంకు ఎక్కాల్సి వచ్చిన కాలం అది. మా ఏన్కూరులో నన్ను అందరూ ‘కోతలోడు’ అనేవాళ్ళు. నేను దాన్ని బిరుదు కిందే జమ వేసుకున్నాను. బస్సు ఆలస్యమైతే, ఎందుకు ఆలస్యమైందో డ్రైవరుకు కూడా తెలియని కారణం నేను చెప్పేవాణ్ణి. వినేవాళ్ళు బస్సు వచ్చినా ఎక్కకుండా మిగతా కథ కోసం ఆగిపోయేవాళ్ళు. (ఈ చివరి ముక్క కొంచెం పెంచాను. అలవాటు.) అలా ఎన్ని చెప్పానో, ఎందరికి చెప్పానో గుర్తు లేదు గానీ, ఒక్కటి మాత్రం తలుచుకున్నప్పుడల్లా, గదిలో ఒక్కణ్ణే ఉన్నా సరే, మొహం గోడ వైపు తిప్పుకుంటాను.

డిగ్రీలో రెండు సబ్జెక్టులు నాతో సఖ్యంగా ఉండలేదు. దాంతో మా బావ ఎవరినో బతిమాలి, బూర్గంపాడు దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ఆయిల్‌పామ్ నర్సరీలో నాకు పని ఇప్పించాడు. పేరుకు ఫీల్డ్ అసిస్టెంటు, చేసేది గేటు దగ్గర కుర్చీలో కూర్చోవడం. మా నర్సరీకి పరాయి దేశం నుంచి మొలకెత్తిన గింజలు వచ్చాయి. అలా వచ్చినవాటికి ప్రభుత్వం వారి నియమాలు ఉంటాయని మేనేజరు గారు మొదటిరోజే నన్ను నిలబెట్టి చెప్పారు. ఆయనది కోస్తా, మాటలో కారం ఎక్కువ. “ఒరేయ్, దేశం కాని దేశం నుంచి వచ్చిన మొక్కతో మనకి తెలీని పురుగో తెగులో రావచ్చు. అందుకని కొన్నాళ్ళు వీటిని విడిగా, కంచెలో పెంచాలి. అధికారి వచ్చి చూసి సంతకం పెట్టేదాకా ఒక్క మొక్క బయటికి పోకూడదు, ఊళ్ళోవాళ్ళెవరూ లోపలికి రాకూడదు. పనివాళ్ళు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఈ తొట్లో కాళ్ళు కడుక్కోవాలి. అర్థమైందా?” అన్నారు. గేటు దగ్గర సిమెంటు తొట్టిలో ఊదారంగు మందునీళ్ళు ఉండేవి. అర్థమైందన్నాను. అర్థమైంది కూడా. కాకపోతే ఇంత చప్పటి నియమాన్ని ఉన్నది ఉన్నట్టు జనానికి చెప్పడం నావల్ల అయ్యే పని కాదు.

జనం ఊరుకునేవాళ్ళా? విదేశీ మొక్కలట, చూసి పోతామని ఒకరు. పెరట్లోకి ఒకటి ఇవ్వు బాబూ అని ఒకరు. పర్ణశాల నుంచి తిరిగి వస్తున్న జీపువాళ్ళు ఆగి, దేవుడి దగ్గర పెట్టుకుంటాం, ఒక ఆకు తుంచి ఇమ్మన్నారు. “రూల్స్ ఒప్పుకోవండీ” అంటే, “రూల్సుదేముంది, మనిషి ఒప్పుకుంటే చాలదా” అని నవ్వేవాళ్ళు. ఓ మధ్యాహ్నం గేటు దగ్గర పదిమంది పోగయ్యారు. వాళ్ళలో పక్క గూడెం పెద్దాయన ఒకడు. కల్లు గీసే మనిషి. ఆయన పెద్ద కూతురే మా నర్సరీలో నీళ్ళు పోసే ఆడవాళ్ళకు మేస్త్రి. మేమంతా మేస్త్రక్క అనేవాళ్ళం. కూతురికి సద్ది తెచ్చి ఇవ్వడానికి వచ్చి, ఆయన ఓ పక్కగా గొంతుక్కూర్చున్నాడు. ఆయన్ని చూడగానే నా బుర్రలో దీపం వెలిగింది. తాడీ, ఆయిల్‌పామూ ఒకే కుటుంబం చెట్లని వృక్షశాస్త్రంలో చదివాను. నాకు ఒంటబట్టిన పాఠం అదొక్కటే. దాన్ని తీసుకుని మొదలుపెట్టాను.

“మీకేం ఎరుక. ఈ మొక్కలొచ్చిన దేశంల గిట్లనే ఒకడు కాళ్ళు కడుక్కోకుండ ఇంటికి పోయిండు. పోయేటప్పుడు తాటివనంల కూసున్నడు. తెల్లారేసరికి చెట్లన్నీ మట్టలు ముడుచుకున్నయి, గొడుగు మూసినట్టు. కుండల చుక్క కల్లు లేదు. గీసేటాయన చెట్టెక్కి చూసి దిగిండు, దిగేసరికి మీసం రాలిపోయింది.”

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన తన మీసం మీద చెయ్యి వేసుకుని, “ఏ పక్క మీసం పిల్లగా?” అని అడిగాడు.

“ముందు ఎడమ పక్క,” అన్నాను, ఆలోచించకుండా. “ఈ మందునీళ్ళతోని సగమే పోతది తాతా. మిగిలింది గోళ్ళ సందుల దాసుకుంటది. ఎన్నిసార్లు తానం చేసినా పోదు. నెలల తరబడి ఉంటది.”

(గోళ్ళ సంగతి చెప్పినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. కథకు కొస మెరుపు ఉండాలి కదా.)

మరునాటి నుంచి గేటు దగ్గర నరపురుగు లేదు. మేనేజరు గారు వచ్చి, “ఏం చేశావురా, ఇంత బుద్ధిగా ఉన్నారు జనం?” అని ఆశ్చర్యపోయారు. “నచ్చజెప్పాను సార్” అన్నాను. నాలుగు రోజులు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. ఆ తర్వాత నీళ్ళు పోయడానికి వచ్చే ఆడవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. గూడెం దారిలో, తాటివనం మొదట్లో, పసుపు కలిపిన నీళ్ళతో ఒక కుండ, దాని పక్కన కాపలా ఒక మనిషి వెలిశారు. కల్లు దిగే కాలం ముందుంది. గూడెం గూడెమంతా కూర్చుని, ఇక మీదట నర్సరీలో అడుగుపెట్టినవాళ్ళెవరూ అధికారి సంతకం అయ్యేదాకా ఊళ్ళోకి రాకూడదని తీర్మానం చేసుకున్నారు. మొక్కకు ఏ రూలో మనిషికీ అదే రూలు. మా ప్రభుత్వం కన్నా గట్టిగా అమలు చేశారు.

పెద్దాయన ఆ కబురు తానే మోసుకొచ్చాడు. కంచెకు చాలా దూరంగా నిలబడి కూతుర్ని పిలిచాడు. “బిడ్డా, నువ్వు గూడ రావొద్దు. నా బిడ్డవని ఇడిసిపెడితే ఊరోళ్ళు ఊకుంటరా?”

“అయితే చెల్లె పెండ్లికి?” అంది మేస్త్రక్క.

“ఆఫీసరు ఆలోపల రాడా ఏంది? వస్తడు.”

ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను, వస్తాడన్నట్టు. ఆ తల ఊపడం కూడా కోతే.

మొక్కలు ఎండనివ్వనని మేనేజరు గారికి మాటిచ్చింది కాబట్టి ఆమె ఒక్కతే ఉండిపోయింది. పనిముట్లు పెట్టుకునే రేకుల షెడ్డులో వండుకుని తిని, తెల్లవారకముందే లేచి, అంత నర్సరీకీ నీళ్ళు మోసేది. నేను అప్పుడప్పుడూ బిందె అందుకునేవాణ్ణి, ఎవరైనా చూస్తున్నప్పుడు. అధికారి రాలేదు. హైదరాబాదులో ఏదో మీటింగు అన్నారు, తర్వాత జీపు చెడిందన్నారు. చివరికి నేనే ట్యాంకు ఎక్కి ఫోను చేస్తే, పెళ్ళి దాటిన వారంలో వస్తామని తేల్చి చెప్పారు. ఆ కబురు ఆమెకు ఎలా చెప్పాలో తెలియక రెండుసార్లు తొట్టిలో కాళ్ళు కడుక్కున్నాను.

పెళ్ళి ముందురోజు సాయంత్రం గూడెంలో డోళ్ళు మొదలయ్యాయి. మేస్త్రక్క బిందె కింద పెట్టి అటు తిరిగి నిలబడింది. ఇక ఆగలేక, దగ్గరికి వెళ్ళి మెల్లిగా అన్నాను. “అక్కా, చీకటి పడ్డంక వాగు దిక్కు నుంచి పో. ఎవలకు కానరాదు. మీ అమ్మ లోపలికి రానిస్తది.”

“నేనెట్ల పోత తమ్మీ,” అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో. “మా నాయిన గా చెట్లు గీసి మమ్ముల అందర్ని సాదిండు. నా కాళ్ళెంబడి జబ్బు పోయి గా చెట్లు సస్తే, నాకు పెండ్లి సూసిన సంబరం ఉంటదా? నువ్వు సదువుకున్నోనివి. గోళ్ళల్ల ఉంటదని నువ్వే గద చెప్పినవ్.”

కాపలా మనిషి అడ్డం ఉన్నందుకు ఆమె ఆగిందని అప్పటిదాకా అనుకున్నాను. ఆమెను ఆపుతున్నది నా మాట. అంత నమ్మకంగా నా మాట విన్నవాళ్ళు అంతకు ముందు లేరు, ఆ తర్వాతా లేరు. “అక్కా, గోళ్ళల్ల ఏం ఉండదు. నేనే కల్పించిన,” అన్నాను.

“పోయి మా నాయినకు చెప్పు” అని ఆమె బిందె ఎత్తుకుంది.

మేనేజరు గారిని వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్ళాను. కాపలా మనిషి పసుపు నీళ్ళ కుండ దగ్గరే ఆపేశాడు. కబురు వెళ్ళి పెద్దాయన వచ్చాడు, ఆయన వెనక పెళ్ళికి వచ్చిన చుట్టాలందరూ వచ్చారు. అంతమంది ముందు నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నాను. పెద్దాయన నమ్మలేదు.

“గప్పుడు చెప్పినప్పుడు గంత ఖాయంగ చెప్పినవ్. గిప్పుడు నసుగుతున్నవ్. గిదే అబద్ధమనిపిస్తుంది.”

మేనేజరు గారు ముందుకొచ్చారు. “లేదండీ పెద్దాయనా. జబ్బు ఉందని కాదు, ఉంటుందేమోనని రూలు.”

“మరి లేదని రాసిస్తవా సారు?”

“అది నేను రాయకూడదండీ. అధికారి చూశాకే.”

“నేను గూడ గదే అంటున్న గద,” అన్నాడు పెద్దాయన. మేనేజరు గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద ఎక్కడో ఉంది.

పెద్దాయన నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. “పిల్లగా, సర్కారు రూలు ఎంతవరకో, నీ కోత ఎంతవరకో, ఇడదీసి చెప్పు.”

అంత కష్టమైన పరీక్ష నేను డిగ్రీలో కూడా రాయలేదు.

“మొక్క బయటికి పోవద్దన్నది?”

“రూలు తాతా.”

“కాళ్ళు కడుగుమన్నది?”

“రూలు.”

“మట్టలు గొడుగు లెక్క ముడుసుకునుడు?”

“నాది.”

“తానం చేసినా పోదన్నది?”

“నాదే.”

“మరి మీసం?”

“అది గూడ నాదే తాతా.”

“ఎడమ పక్క అని గంత ఎరుకున్నట్టు చెప్తివి గద,” అన్నాడు, నిజంగా బాధపడుతూ. వెనక నుంచి ఒక ముసలమ్మ, “మా ఆయన దినాం పొద్దుగాల అద్దంల ఎడమ పక్కే సూసుకుంటుండు” అంది. చుట్టాలు గొల్లున నవ్వారు. మామూలుగా అయితే జనం నవ్వితే నాకు పండగ. ఆ రోజు ఆ నవ్వులో నా వాటా ఏమీ లేదు.

పెద్దాయన నవ్వలేదు. తీర్పు చెప్పాడు. “రూలుకు మేం కట్టుబడి ఉంటం. కోతకు కాదు. నా బిడ్డ వాగుల తలకు పోసుకొని, ఇంట్ల కొన్న కొత్త చీర కట్టుకొని, తాటిచెట్లు లేని దిక్కు నుంచి వస్తది. నర్సరీ బట్ట ఒక్కటి గూడ ఎంబడి రావొద్దు. ఆమె జాగల గీ పిల్లగాడు ఉంటడు. సంతకం అయ్యేదాక గేటు దాటొద్దు. నీళ్ళు గూడ గీయననే పొయ్యమను.” మేనేజరు గారు నాకన్నా ముందే ఒప్పేసుకున్నారు.

కొత్త చీర పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు వాగు వైపు పరుగెత్తారు. మేస్త్రక్క గేటు దాటేటప్పుడు తొట్టిలో చాలాసేపు కాళ్ళు కడుక్కుంది. నా మొహం చూడలేదు. తడి జుట్టుతోనే చేరుకుందట, సరిగ్గా పెళ్ళికూతురి తల మీద నీళ్ళు పోసే వేళకు. అక్క రానిదే కూర్చోనని చెల్లెలు అప్పటిదాకా మొండికేసి నిలబడే ఉందని తర్వాత తెలిసింది.

ఆ రోజంతా డోళ్ళు వింటూ నీళ్ళు మోశాను. నిండు బిందె ఎంత బరువో మొదటిసారి తెలిసింది. మొక్కలు ఎన్నో కూడా మొదటిసారే తెలిసింది. (ఎన్నని చెప్పను. చెబితే పెంచానంటారు.)

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రక్క వచ్చింది. కొత్త చీరలోనే ఉంది. గేటుకు అవతల, నా చేతికి అందేంత దూరంలో విస్తరాకు మూట పెట్టి, పది అడుగులు వెనక్కి వెళ్ళి నిలబడింది. పెళ్ళి అన్నం, కోడి కూర. నేను గేటు దగ్గరే కూర్చుని తినడం మొదలుపెట్టాను. ఆమె వెళ్ళిపోలేదు. కాసేపయ్యాక, “ఉత్తగ తింటున్నవ్. ఏదన్న చెప్పు తమ్మీ” అంది. తిట్టినా బాగుండేది. నా నోటికి ఒక్క కథ రాలేదు. వెతికి వెతికి ఒక్క మాట పట్టుకున్నాను.

“కూర మంచిగున్నది అక్కా.”

ఆమె తల కొంచెం వంచి నన్ను పరీక్షగా చూసింది. “నిజంగనేనా?”

ఆమె వేళాకోళానికి అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. నా దగ్గర సాక్ష్యం ఏముంది? నిజంగానే అక్కా అంటే, అది కూడా నా నోటి నుంచే కదా రావాలి. ఏమీ అనకుండా తల వంచుకుని, మెతుకు మిగలకుండా తిని, ఖాళీ ఆకు పైకెత్తి చూపించాను. అప్పుడు గానీ ఆమె కదల్లేదు.

అధికారి తర్వాత వచ్చాడు, ఆకు ఆకూ తిప్పి చూశాడు, సంతకం పెట్టాడు. జబ్బు లేదు, గిబ్బు లేదు. నేను మళ్ళీ కోతలు కోశాను, ఇంకా కోస్తున్నాను. అది నా ఒంట్లోంచి పోయేది కాదు. కానీ ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా బాగుందని నోటితో అనలేను. ఆకు ఊడ్చి, కనపడేలా కాస్త ముందుకు జరిపి ఊరుకుంటాను. మా ఆవిడ దాన్ని పొగరు అనుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగింది, వంట నచ్చలేదా అని. ఈ సంగతంతా చెప్పాను. నవ్వి, “ఇంతకీ ఇందులో మీరు పెంచింది ఎంత?” అంది.