అక్క గొంతు పోయిన రేవు

యాట్ అనగానే అందరూ సినిమాల్లో కనబడే తెల్లటి ఓడని ఊహించుకుని, అందులో నల్ల కళ్ళద్దాల కోటీశ్వరుణ్ణి కూర్చోబెడతారు. మా బావ యాట్ అలాంటిది కాదు. ఆయన పడవల ఇంజిన్లు బాగుచేసే షెడ్డుకి ఎవరో మరమ్మతుకని తెచ్చి, మళ్ళీ తీసుకుపోకుండా వదిలేసిన పాత మోటారు పడవ అది. ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ దిమ్మల మీద పడి ఉన్నాక, యజమాని కొడుకులు వచ్చి "మీరే ఉంచుకోండి బాబూ, ఈ తలనొప్పి మాకొద్దు" అన్నారు. బావ ఆ తలనొప్పిని ఆనందంగా నెత్తికెత్తుకున్నాడు. రోజూ పని ముగిశాక దాని పొట్టలో దూరి, అక్క మూడుసార్లు కేకేస్తే గానీ అన్నానికి బయటికి వచ్చేవాడు కాదు.

అక్క దర్జీ. బడిపిల్లల యూనిఫారాలు, ఆఫీసుల కర్టెన్లు కుట్టేది. మిషన్ చప్పుడుని మించి మాట్లాడాలి కాబట్టి గొంతు పెద్దది. మిషన్ ఆగినా ఆ గొంతు తగ్గేది కాదు. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా కబుర్లు చెప్పేది, ఒక్కటీ మింగకుండా ఎలా బతికిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఇంటిల్లిపాదీ దాన్ని వసపిట్ట అనేవాళ్ళం. పడవకి పరుపులూ, కర్టెన్లూ, పైన స్టీరింగ్ దగ్గర నీడ కోసం మందపాటి గుడ్డ పందిరీ అన్నీ ఆ వసపిట్ట కుట్టినవే.

నేను దాని చెల్లెల్ని, పూర్తిగా వేరే రకం. బస్‌స్టేషన్ టికెట్ కిటికీ వెనక "ఎక్కడికి? ఎంతమంది?" అనే రెండు ప్రశ్నలతో నా ఉద్యోగమంతా గడిచిపోయింది. రిటైరయ్యాక మాట్లాడే మనిషి లేక గోడలతో పోట్లాడుకుంటున్న రోజుల్లో అక్క ఫోన్ చేసింది. "షెడ్డు అమ్మేశాం. పడవెక్కి తీరం వెంట పోయినంత దూరం పోతున్నాం. మూడో మంచం ఖాళీగా ఉంది, సంచీ సర్దుకుని రావే" అంది. ఎక్కడున్నావని కూడా ఎవరూ అడగని వయసులో నన్ను ఒకరు రమ్మన్నారు. ఆ పిలుపుకి నేను చచ్చేదాకా రుణపడి ఉంటాను.

అలా రేవు నుంచి రేవుకి, తీరం కంటికి ఆనేంత దూరంలోనే పోతూ వచ్చాం. పొద్దున్నే బయల్దేరడం, ఎండ ముదిరేలోపు ఎక్కడో ఒకచోట ఒడ్డు చేరడం. అక్కడ డీజిల్ పోయించుకుని, మంచినీళ్ళు పట్టుకుని, బట్టలుతికి పడవ కమ్మీల మీద ఆరేసేవాళ్ళం. వంటగది బీరువా అంత ఉంటుంది, ఇద్దరు నిలబడితే ఒకరు గరిటె తిప్పాలి, ఇంకొకరు ఊపిరి బిగబట్టాలి. సాయంత్రాలు నేను వెనక మెట్టు మీద కూర్చుని గోరువెచ్చటి నీళ్ళలో కాళ్ళు పెట్టుకునేదాన్ని. ఇంత సుఖం నాకు రాసిపెట్టి ఉందని ఎప్పుడూ అనుకోలేదు.

బాధల్లా అక్క నోరే. ఇదివరకు చుట్టాల సంగతులు చెప్పేది. పడవెక్కాక కంటికి కనబడ్డదల్లా చెప్పడం మొదలుపెట్టింది. బావ స్టీరింగ్ పట్టుకుంటే పక్కన కూర్చుని ఒకటే ధోరణి. "అదిగో, ఎడమ పక్క దారి గుర్తుకి వేసిన ఎర్ర పీపా వచ్చేసింది. దాని మీద కొంగ చూడండి, తపస్సు చేస్తున్నట్టు ఎలా కూర్చుందో. ఏమండీ, ముందు రెండు చిన్న పడవలు, కుడి పక్కవాడు వల లాగుతున్నాడు, పాపం కాస్త దూరంగా పోదాం. అయ్యో, ఈ మీటరేమిటి, లోతు ఇంతేనా!"

"మాకూ కళ్ళున్నాయే తల్లీ" అని ఒకరోజు విసుక్కున్నాను. బావ పెద్దగా నవ్వాడు. ఆ మాటకి అంత నవ్వక్కర్లేదు.

ఒకనాడు పొద్దుట్నుంచీ ఎదురుగాలి. ఇంజిన్ రొద, పందిరి గుడ్డ పటపటలు. అక్క వాటన్నిటి మీదా అరుస్తూనే ఉంది. మధ్యాహ్నానికి ఒక చిన్న రేవులో తాడు కట్టేసరికి దాని గొంతు పూర్తిగా పూడుకుపోయింది. ఒడ్డు మీది డాక్టరమ్మ టార్చి వేసి చూసి, "కొన్నాళ్ళు నోరు విప్పకూడదు. గుసగుసలు కూడా వద్దు. ఇలాగే అరిచారంటే ఈ గొంతు మళ్ళీ రాదు" అని గట్టిగా చెప్పింది. నేను దేవుడున్నాడు అనుకున్నాను.

మర్నాడు సముద్రం గచ్చు నేలలా పరుచుకుని ఉంది. బావ మాత్రం "గాలి బాగోలేదు" అన్నాడు. ఆ మర్నాడు ఇంజిన్‌లో ఏదో చప్పుడన్నాడు, మూత తీసి మళ్ళీ వేశాడు. తర్వాత నడుం పట్టేసిందన్నాడు. డీజిల్ పోసేవాడు వచ్చి "ఇంత మంచి వాతావరణం మళ్ళీ దొరకదు సార్, ఇంకా కూర్చున్నారేంటి?" అంటే వాడి మీద ఎగిరిపడ్డాడు. చివరికి రేవు కాపలాదారు వచ్చి అసలు సంగతి చెప్పాడు. గాలులు తిరిగే కాలం దగ్గరకొచ్చిందట, ఈ రేవుకి అడ్డుగోడ లేదట, పడవలన్నీ ఒక పూట ప్రయాణంలో ఉన్న పెద్ద రేవుకి వెళ్ళిపోవాలట.

"రేపు పోదాంలే. ఇవాళ గాలి ఎక్కువగా ఉంది" అన్నాడు బావ, అదే పాట.

నాకు చిర్రెత్తింది. "గాలెక్కడుంది బావా? ఆ రేవు ఆఫీసు మీద జెండా చూడు."

"చూస్తూనే ఉన్నాగా! ఎలా రెపరెపలాడుతోందో నీకే కనబడ్డం లేదు మరదలు పిల్లా" అన్నాడు బావ, నేరుగా అటే చూస్తూ.

జెండా కర్రకి అతుక్కుని వేలాడుతోంది. ఒక్క మడత కూడా కదలడం లేదు.

నేను అక్క వైపు చూశాను. అక్క దిండు గలీబుకి గుండీ కుడుతోంది, సూది ఆగిపోయింది. లేచి నా చెయ్యి పట్టుకుని కింద ముందుగదిలోకి లాక్కెళ్ళి తలుపు వేసింది. మాట్లాడనివ్వకూడదు కాబట్టి టికెట్ కిటికీ పద్ధతిలో నేను అడుగుతుంటే అది తల ఊపింది.

"బావకి కళ్ళు కనబడ్డం లేదా?" అరచేతిని ముఖం ముందు పెట్టి, మధ్యలో మసక, పక్కలు మాత్రం కనిపిస్తాయన్నట్టు చూపించింది. "ఎప్పట్నుంచి? షెడ్డు రోజుల నుంచా?" అవును. "నీకు తెలుసని బావకి తెలుసా?" తెలియదు. "మరి అడిగి చావొచ్చుగా, డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళొచ్చుగా!" అక్క గాల్లో స్టీరింగ్ పట్టుకుంది. తర్వాత ఆ చేతులు వదిలేసి, ఒళ్ళో పెట్టుకుని, తల దించుకుని కూర్చుంది. తెలిసిపోయిందని తెలిస్తే ఆయన ఇక అలాగే కూర్చుండిపోతాడని దాని భయం.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముగ్గురి ప్రాణాలు ఒక్క గొంతుకకి వేలాడదీసి ఇంతదూరం తెచ్చింది! కానీ ఆ కోపం వెనకే ఇంకోటి తోసుకొచ్చింది. ఎర్ర పీపాలూ, వలలూ, లోతులూ అన్నీ తప్పించుకుంటూ నేను సుఖంగా కాళ్ళూపుకుంటూ వచ్చింది ఈ గొంతు మీదే కదా. ఆ ఎదురుగాలి రోజున అది చించుకున్నది మా ముగ్గురి కోసం. దాని మెడ చుట్టూ చేతులు వేసి, "నీ నోటికి దణ్ణమే" అన్నాను. అది నవ్వబోయి దగ్గింది.

మర్నాడు పొద్దున్న బావ కాఫీ తాగి, గ్లాసు అంచు తడుముకుని కింద పెట్టి అసలు మాట బయటపెట్టాడు. "ఇక చాలనిపిస్తోంది. పడవని ఇక్కడే ఎవరికైనా ఇచ్చేసి బస్సెక్కి ఇంటికి పోదాం. వయసైపోయింది కదా." మామూలుగా అనాలని చూశాడు గానీ, ఒక చెయ్యి మాత్రం పడవ గోడని నిమురుతూనే ఉంది.

అక్క లేచింది. మెట్లెక్కి పైకి వెళ్ళి బావ కుర్చీలో కూర్చుని ఇంజిన్ స్టార్ట్ చేసింది. దారి మధ్యలో ఆయన టిఫిన్ తినేటప్పుడు కాసేపు స్టీరింగ్ పట్టుకోవడం తప్ప, రేవులోంచి పడవని ఎప్పుడూ బయటికి తీయలేదు. చెప్పడానికి గొంతు లేదు కాబట్టి తానే నడపాలని తెల్లారేలోపే నిశ్చయించుకున్నట్టుంది.

బావ పరుగున పైకొచ్చాడు. "ఏయ్, ఏంటీ పని? లే అక్కణ్ణుంచి! నీకేం తెలుసని?"

అక్క లేవలేదు. ఆయన చెయ్యి అందుకుని, అరచేతిని తన చెంపకి ఆనించుకుని, నెమ్మదిగా తల ఊపింది. తెలుసు అన్నట్టు. చూడలేకపోయినా ఆ ఊపు ఆయన చేతికి తెలిసింది.

"నీకు తెలుసా?" అన్నాడు బావ. "ఎప్పట్నుంచి?"

"షెడ్డు రోజుల నుంచీ బావా. నాకు నిన్ననే తెలిసింది" అన్నాను నేను.

"దీని వాగుడు నా అదృష్టం అనుకున్నాను" అన్నాడు బావ. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. అక్క ఆయన చేతిని చెంప మీంచి తీసి ఇంజిన్ వేగం పెంచే పిడి మీద పెట్టింది.

నేను తాడు విప్పాను. ఇంజిన్ మాట బావ చెవికి తెలుసు, దారి అక్క కంటికి తెలుసు. "నిదానంగా తిప్పు, పడవ ఆలస్యంగా వింటుంది. ఇప్పుడు సరిచెయ్. అంతే, అంతే" అని ఆయన చెబుతూ ఉన్నాడు. రేవు మూతి దగ్గర చేపల పడవొకటి ఎదురొస్తే నేను "పడవ!" అని కేక పెట్టాను. "ఎక్కడో చెప్పవేం, టికెటిచ్చినట్టు ఒక్క ముక్క అంటావు!" అని బావ కసిరాడు. ఆ కసురు విని నా ప్రాణం లేచొచ్చింది, మనిషి మళ్ళీ మా మనిషయ్యాడు.

పెద్ద రేవులో అక్క పడవని ఒడ్డుకి గట్టిగానే తగిలించింది. పక్కన రంగు పొడవునా గీసుకుపోయింది. ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళు పరిగెత్తుకొచ్చి తాళ్ళు అందుకున్నారు, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. అక్కడి కళ్ళ డాక్టరు, పోయిన చూపు తిరిగిరాదనీ, ఉన్నదాన్ని ఇంజెక్షన్లతో నిలుపుకోవచ్చనీ చెప్పాడు. ఆ ఉన్నది చాలు అనుకున్నాం.

గాలుల కాలం అక్కడే గడిపాం. బయల్దేరేనాటికి అక్క గొంతు కాస్త జీరతో తిరిగొచ్చింది. పొద్దున్నే పైకెళ్ళి, అలవాటు ప్రకారం పక్క కుర్చీలో కూర్చుని, "ఏమండీ, సముద్రం ఇవాళ" అని మొదలుపెట్టబోయింది.

బావ దాని భుజం పట్టుకుని లేపి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. తను పక్క కుర్చీలో చేరబడ్డాడు.

"ఇన్నాళ్ళూ నువ్వు చెప్పేవన్నీ దారి కోసం విన్నాను. ఆ కొంగలూ అవీ ఒక్కటీ బుర్రకెక్కలేదు. దారి నువ్వు చూసుకో. నేనిక ఊరికే వింటాను. చెప్పు" అన్నాడు.

అక్క నోరు తెరిచింది, మూసింది. గొంతు బాగానే ఉంది, మాటే రాలేదు. నేను కిందికి వెళ్ళి స్టవ్ వెలిగించాను. ఆ సమయంలో నా మొహం వాళ్ళు చూడ్డం నాకిష్టం లేకపోయింది.